ఖాళీ కొలతలో కూర్చున్న మనిషి

కిందటి వారం మనం పిచ్చుకను బ్యాటరీ గదిలో, ఉత్త నేల మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చోబెట్టి వచ్చేశాం. వారం రోజులు ఒక ఆడపిల్లను అలా వదిలేయడం న్యాయం కాదని నాకూ తెలుసు. కానీ లేచి నిలబడే ధైర్యం అప్పటికి ఆమెకూ లేదు, ఆ తర్వాతి సంగతి చెప్పే ధైర్యం నాకూ లేదు.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. మూతపడిన పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనం ఒకటుంది. దాని పైకప్పులకీ, నడవాలకీ, మెట్ల మలుపులకీ చిన్న చిన్న డబ్బాలు బిగించారు. ఒక్కో డబ్బాకి కొమ్ముల్లా రెండు యాంటెనాలు. వీటి నెత్తిన పెద్ద టవరంటూ ఏదీ లేదు. ఒక డబ్బా అన్న మాట పక్క డబ్బా వింటుంది, అది దాని పక్కదానికి చేరవేస్తుంది. మధ్యలో ఒకటి మూగబోతే మిగతావి ఇంకో దారి వెతుక్కుంటాయి. వీధిలో కబురు పాకేది కూడా అలాగే కదా. ఈ అల్లికను నడిపించడానికి నా పద్ధతి గొప్పదంటే నా పద్ధతి గొప్పదని ప్రతి పరిశోధకుడూ తన గదిలో తన డబ్బాలతో చేసి చూపిస్తాడు. కాకి పిల్ల కాకికి ముద్దు. అందుకని ఎవరైనా, ఎక్కడినుంచైనా, తమ పద్ధతిని ఇవే డబ్బాల మీద, ఇవే గోడల మధ్య పరీక్షించుకునేలా అందరికీ తలుపులు తెరిచిన ప్రయోగశాల ఒకటి ఉండాలని పిచ్చుక అన్నయ్య పట్టుబట్టాడు. రాత్రీ పగలూ కష్టపడి కట్టిందీ అతనే. కట్టిన కొత్తలోనే మనిషి కనబడకుండా పోయాడు.

పోటీ కంపెనీవాళ్ళు ఎగరేసుకుపోయారని ఊరు తేల్చేసింది. పెళ్ళాన్నీ చెల్లెల్నీ గాలికొదిలేసి పోయాడంది. వదిన కడుపుతో ఉంది. తలుపు తట్టిన ప్రతిసారీ ఆమె ముందు చీర సర్దుకుంటుంది, తర్వాత తలుపు తీస్తుంది. చెల్లెలు మాత్రం అన్న వదిలిన పని అందుకుని, ఎక్కడ నిచ్చెన వేస్తే అక్కడ వాలి డబ్బాలు మరమ్మతు చేస్తోంది. పిచ్చుక అనే పేరు అందుకే వచ్చింది.

ఇక బ్యాటరీ గదిలోని తెల్లమరక సంగతి. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. ఆ నీళ్ళు రేడియో తరంగాలను మింగేస్తాయి. రెండు డబ్బాల మధ్య మనిషి నిలబడితే వాటి మాట బలహీనపడుతుంది. అన్నయ్య దీన్ని పసిగట్టి ఒక తెర తయారుచేశాడు. ముందు అందరినీ బయటికి పంపి, తలుపుకు తాళం వేసి, భవనాన్ని ఖాళీగా కొలవాలి. దాన్ని వాళ్ళు ఖాళీ కొలత అంటారు. ఆ తర్వాత మాట ఎక్కడ బలహీనపడితే అక్కడ తెర మీద నల్లమరక పడుతుంది. అంటే అక్కడ మనిషి ఉన్నట్టు. మాట ఖాళీ కొలత కన్నా బలంగా ఉంటే తెల్లమరక పడాలి. కానీ అలా పడడానికి వీల్లేదు, ఖాళీ కంటే ఖాళీ ఏముంటుంది? అయినా బ్యాటరీ గదిలో ఒక తెల్లమరక మొదటినుంచీ ఉంది. డబ్బా చెడిందన్నారు. పిచ్చుక డబ్బా మార్చింది. మరక పోలేదు. కిందటి వారం జారిపడిన మరమేకు ఏరుకోవడానికని ఆమె ఆ మూల చతికిలబడింది. పక్కన పెట్టిన ఫోను తెర మీద మరక మాయమైంది.

అక్కడ ఆగాం.

ఆమె లేచింది. మరక తెల్లగా తెరుచుకుంది. మళ్ళీ కూర్చుంది. మరక మూసుకుంది.

మిట్టమధ్యాహ్నం. పైన వెంటిలేటర్ లోంచి పడే ఎండ పలక, ఎప్పుడో ఒలికిన యాసిడ్ నేల మీద వదిలిన పసుపు చారలు, పైకప్పు మీద డబ్బా ఆకుపచ్చ దీపం. భయపడాల్సింది ఏదీ లేదు ఆ గదిలో. అందుకే భయమేసింది ఆమెకు. మూసుకున్న మరక చుట్టూ సన్నటి తెల్ల అంచు ఇంకా మిగిలే ఉంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళెవరో తన కంటే పొడుగు, తన కంటే భుజాలు వెడల్పు. వీపు గోడకు ఆనించి, మోకాళ్ళు కాస్త ఎడంగా పెట్టి సర్దుకుంది. అంచు ఇంకాస్త సన్నబడింది. చిన్నప్పుడు అన్నయ్య చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడేది. చేతులు దాటి వేలాడే ఆ వదులు ఆమె ఒంటికి గుర్తొచ్చింది.

డబ్బా చెడలేదు. ఖాళీ కొలతే ఖాళీ కాదు. భవనాన్ని మొదటిసారి కొలిచినప్పుడు ఇక్కడ ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తెర ఆ మనిషిని గోడల్లో ఒక గోడగా లెక్కేసింది. అతను లేచి పోయినప్పటినుంచీ, ఇక్కడ ఎవరో లేరు, ఎవరో లేరు అని రోజూ చెబుతూనే ఉంది. అర్థం చేసుకున్నవాళ్ళే లేరు.

పిచ్చుకకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, మెట్లు రెండేసి దూకుతూ కిందికి దిగింది.

కింద, ఒకప్పుడు జనం ఫిర్యాదులు రాసిచ్చే గదిలో, ప్రయోగశాల పెద్ద కుర్చీలు వేయిస్తున్నాడు. కుర్చీకీ కుర్చీకీ మధ్య దూరం టేపు పెట్టి కొలుస్తున్నాడు. వెనకాల అందరూ ఆయన్ని కొలబద్ద అంటారు. ముందర సార్ అంటారు. సాయంత్రం అతిథులు వస్తారు, ప్రయోగశాలను ప్రపంచానికంతా తెరుస్తారు. అందుకోసం ఇవాళ కొత్తగా ఖాళీ కొలత తీయాలని ఆయన పొద్దుననే చెప్పాడు.

"సార్, మొదటి ఖాళీ కొలత తీసినప్పుడు మా అన్నయ్య లోపలే ఉన్నాడు" అంది పిచ్చుక, గుమ్మంలోంచే.

టేపు ఆయన చేతిలోంచి జర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"ఎవరు చెప్పారు?"

అదేం మాట అని అడగలేదు చూడండి. ఎవరు చెప్పారని అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే మరి.

"ఎవరూ చెప్పలేదు. నేనే వెళ్ళి అన్నయ్య చోట్లో కూర్చున్నాను. మరక పోయింది."

కొలబద్ద కుర్చీలు వేస్తున్నవాళ్ళను బయటికి పొమ్మని చెయ్యి ఊపాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"కూర్చోమ్మా."

"కూర్చోవాల్సినంతసేపు కూర్చునే వచ్చాను సార్. మీరు చెప్పండి."

ఆయన టేపు చివర గోటితో గీకాడు.

"ఆ రోజు గేటు దగ్గర్నుంచి నొక్కితే కొలత మొదలవలేదు" అన్నాడు. "ఆ గోడలు చూశావుగా, కోట గోడలు. బయటినుంచి పంపిన కబురు లోపలికి పోవట్లేదు. పెద్దవాళ్ళంతా కార్లలో కూర్చుని గడియారాలు చూసుకుంటున్నారు. మీ అన్నయ్యే అన్నాడు. లోపలుండి నేను మొదలుపెడతాను సార్, ఓ మూల కదలకుండా కూర్చుంటాను, ఒక్క మనిషికి ఇంత భవనం నిండిపోతుందా అని నవ్వాడు. నేనూ సరేనన్నాను. తప్పేనమ్మా. అడుసు తొక్కనేల అని ఆ క్షణం తోచలేదు."

"తర్వాత?"

"తర్వాత తెల్లమరక పడింది. మళ్ళీ కొలుద్దామని పట్టుబట్టాడు. అప్పటికే ఆ కొలత పట్టుకుని వేరే వేరే ఊళ్ళలో వాళ్ళు ప్రయోగాలు మొదలెట్టేశారు. ఇప్పుడు తప్పని చెబితే నవ్విపోరా? కుదరదన్నాను. 'నన్ను ఖాళీ కింద లెక్కేశారు సార్' అని అరిచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. బిళ్ళ నా బల్ల మీద విసిరికొట్టి పోయాడు."

బిళ్ళ అన్న మాట దగ్గర పిచ్చుక తలెత్తింది.

ఆ బిళ్ళల సంగతి ఇది. గేటు పక్కన మేకులు కొట్టిన చెక్కపలక ఒకటుంది. ఒక్కో మేకుకి ఒక్కో మనిషి ఇత్తడి బిళ్ళ. లోపలికి పోయేవాళ్ళు తమ బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి, బయటికొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకులన్నీ నిండితే భవనం ఖాళీ అయినట్టు. కాపలా తాత ఆ పలక చూసే తాళం వేస్తాడు గాని, మనుషుల మొహాలు చూసి కాదు. ఈ పద్ధతి పెట్టింది కూడా అన్నయ్యే. తలకాయలు లెక్కపెడితే తప్పుపోతాం, బిళ్ళ తప్పుపోదనేవాడు.

"బిళ్ళ మీ బల్ల మీద పడిందన్నారు" అంది నెమ్మదిగా. "మరి మీరు గొడవపడిన రోజు సాయంత్రం అది మేకుకి ఉందని తాత చెప్పాడు. తగిలించింది ఎవరు?"

కొలబద్ద తలుపు వైపు చూశాడు.

"ఎవరు సార్?"

"నేనే. పోతూ పోతూ తగిలించాను."

"ఆయన బయటికి రావడం చూశారా?"

"కోపంలో గేటు దాటి పోయుంటాడనుకున్నాను."

"చూశారా అని అడుగుతున్నాను."

"లేదు."

ఆ ఒక్క మాటతో పిచ్చుకకు లెక్క తేలింది. గోడ పట్టుకుంది. అన్నయ్య లోపల ఉండగానే మేకు నిండింది. మేకు నిండింది కాబట్టి తాళం పడింది. తాత తప్పు లేదు, తాళం తప్పు లేదు. అన్నయ్య నమ్మిన బిళ్ళే అన్నయ్యను లోపల పెట్టి మూసింది.

"మర్నాడు పొద్దున నేనే దగ్గరుండి తాళం తీయించాను" అన్నాడు కొలబద్ద. "ఒట్టు. ప్రతి గదీ తిరిగాను. ఎవరూ లేరు. వేసిన తాళం వేసినట్టే ఉంది. కిటికీలకు ఊచలు. లోపలే ఉంటే ఎక్కడికి పోతాడు? లేడంటే బయటికి పోయినట్టే కదా. అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టింది."

"పోటీ కంపెనీ అని పుట్టించింది మీరేనా?"

ఆయన తల దించుకున్నాడు.

"మా వదిన ఒకరి మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు? కూరలు కొనడానికి పోతే ఇంతమంది ఇన్ని మాటలంటారు. మీ ఆయన కొత్త కాపురం ఎలా ఉందని అడుగుతారు. అది మీ నోట్లోంచి వచ్చిందా!" అంది. ఆమెకు కోపంతో పాటు అసహ్యం కూడా వేసింది.

"ఇవాళ మళ్ళీ కొలుస్తున్నానుగా" అన్నాడాయన, మునిగేవాడు గడ్డిపరక పట్టుకున్నట్టు. "అతను అడిగిందే చేస్తున్నాను."

"అడిగినప్పుడు చేస్తే దిద్దడం. ఇప్పుడు చేస్తే తుడవడం."

నిజమే. ఈ తెర ఒక్క ఖాళీ కొలతనే దాచుకుంటుంది. రెండుంటే ఎవడికి అనువైనది వాడు వాడుకుంటాడని అన్నయ్యే అలా కట్టాడు. కొత్త కొలతకు సరేనని నొక్కగానే పాతది డబ్బాలన్నిటిలోంచీ చెరిగిపోతుంది. తెల్లమరక ఫొటో తీసుకోవచ్చు. చెడిపోయిన డబ్బా ఫొటో అంటారు. మనిషి కూర్చుంటే మూసుకునే ఆ చోటు, అన్నయ్య ఒంటి కొలత, అది మాత్రం మిగలదు. మొదటి కొలత నాడు అన్నయ్య లోపలే ఉన్నాడనడానికి ఈ లోకంలో అదొక్కటే సాక్ష్యం. వదినను తీసుకొచ్చి ఆ మూల చూపించాలి. పోలీసులకు చూపించాలి. ఆ తర్వాత ఎన్నిసార్లు కొలుచుకున్నా పిచ్చుకకు అభ్యంతరం లేదు.

"నొక్కకండి" అంది. "ఇవాళొక్క రోజు ఆగండి."

"అతిథులు బయల్దేరారమ్మా."

"అప్పుడూ అతిథులే. ఇప్పుడూ అతిథులేనా?"

"కొలత మాత్రం తీయనీ. నొక్కే ముందు మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నాడు. మింగలేక కక్కలేక ఆమె ఒప్పుకుంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. తాళంచెవి తన దగ్గరే ఉండాలంది.

అందరూ బయటికొచ్చారు. ఈసారి పిచ్చుక పలకను నమ్మలేదు. ఒక్కో మొహం చూసింది, ఒక్కో పేరు పిలిచింది, వాళ్ళు పలికాకే బిళ్ళ తగిలించనిచ్చింది. గదులన్నీ తాతతో కలిసి తానే తిరిగొచ్చింది. బ్యాటరీ గది మూలలో ఎండ పలక తప్ప ఏమీ లేదు. తాత పెద్ద తలుపు లాగి, తాళం వేసి, చెవి ఆమె చేతిలో పెట్టాడు.

"పిల్లి కూడా లేదమ్మా లోపల" అన్నాడు.

ఆవరణకు అవతలి చివర, రేకుల పందిరి కింద బల్ల, బల్ల మీద తెర. గేటు డబ్బాకి ఇప్పుడు కొత్త తీగ వేశారు కాబట్టి కబురు లోపలికి పోతుంది. తాతనూ పిచ్చుకనూ ఉంచి మిగతావాళ్ళను కొలబద్ద గేటు బయటికి పంపేశాడు. కొలత మొదలుపెట్టాడు. కొత్తది పూర్తయి, సరేనని నొక్కేదాకా తెర పాత కొలతతోనే పోల్చి చూపిస్తుంది. భవనం బొమ్మంతా శుభ్రంగా ఉంది. బ్యాటరీ గదిలో మాత్రం తెల్లమరక, ఎప్పట్లాగే.

పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు పిచ్చుక చూపు మళ్ళీ మళ్ళీ దాని మీదికే పోయింది. ఇంతకాలం దాన్ని చూస్తూ చిరాకు పడింది. ఇప్పుడు చెయ్యి పెట్టి నిమరాలనిపించింది.

కొలత దాదాపు పూర్తవుతుండగా మరక చిన్నదైంది.

ముందు అంచులు తగ్గాయి. తర్వాత మధ్య భాగం మసకబారింది. ఎవరో మెల్లగా, గోడకు వీపు జారుస్తూ కూర్చుంటున్నట్టు పైనుంచి కిందికి మూసుకుపోయింది. సన్నటి అంచు కూడా మిగల్లేదు. పిచ్చుక కూర్చున్నప్పుడు మిగిలిన ఆ వదులు ఇప్పుడు లేదు. కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయింది.

కొలబద్ద తెర మీదికి వంగాడు. "తాతా, లోపల..." అని ఆగిపోయాడు. తాత పలక వైపు చూశాడు. బిళ్ళలన్నీ మేకులకే ఉన్నాయి.

అప్పుడు ఆ చోటు అదరడం మొదలుపెట్టింది. మరక వచ్చీ రానట్టు, తెల్లగా మెరిసీ ఆగీ, మెరిసీ ఆగీ. ఒకే వరసలో.

పిచ్చుక ఆ వరసను గుర్తుపట్టింది. అన్నయ్య కూర్చున్నాడంటే కుడి మోకాలు ఊగాల్సిందే. అన్నం దగ్గరా అంతే, చదువు దగ్గరా అంతే. కాళ్ళు ఊపకురా దరిద్రం అని అమ్మ పోయేదాకా తిడుతూనే ఉంది. బల్ల అదిరి పిచ్చుక అక్షరాలు వంకర పోయేవి. ఆ అదురు ఆమె చిన్నతనమంతా ఉంది.

"అన్నయ్య" అంది.

"డబ్బా పాడైందమ్మా" కొలబద్ద గబగబా అన్నాడు. "డబ్బా పాడై ఉంటుంది. కొలత పూర్తయింది చూడు, నొక్కేస్తే ఇదేమీ ఉండదు." ఆయన వేలు సరే అన్న గడి మీదికి పోయింది.

పిచ్చుక ఆయన మణికట్టు పట్టుకుంది. ఆ సన్నటి చేతుల్లో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఇప్పుడు నొక్కితే మా అన్నయ్య మళ్ళీ ఖాళీ అయిపోతాడు! ఒకసారి చేశారు చాలదా? వేలు తీయండి!"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. వేలు తీశాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, శిక్ష పడ్డ పిల్లాడిలా తెర వంక చూస్తూ కూర్చుండిపోయాడు. ఆయన మీద ఆమెకు ఆ క్షణం జాలి కూడా కలిగింది. కానీ ఆగి జాలిపడే తీరిక లేదు. తాళంచెవి పిడికిట్లో బిగించి ఆవరణ దాటి పరిగెత్తింది.

"అన్నయ్యా! నేను! తలుపు తీస్తున్నా!"

పెద్ద తలుపుకు చెవి ఆనించింది. ముందు ఏమీ లేదు. తర్వాత, లోపల ఎక్కడో పైన, అడుగు చప్పుడు. మెట్ల మీద. ఒక్కో మెట్టూ దిగుతోంది. నడవాలోకి వచ్చింది. తొందర లేదు, తడబాటు లేదు. దారి తెలిసిన మనిషి నడక. తలుపు దాకా వచ్చి ఆగింది. మధ్యలో నాలుగు వేళ్ళ మందం చెక్క తప్ప ఇంకేమీ లేదు.

పిచ్చుకకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వదినకు ఏమని చెప్పాలి, ముందు ఏ మాట చెప్పాలి అనుకుంటూ తాళంలో చెవి దూర్చింది. జారింది. మళ్ళీ దూర్చింది.

పందిరి కిందనుంచి కొలబద్ద అరిచాడు. ఆ మనిషి అరవగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"తీయకమ్మా! తీయకు! మీ అన్నయ్య లేవలేదు! ఇంకా అక్కడే కూర్చున్నాడు, మోకాలు ఊపుతూనే ఉన్నాడు! తలుపుకు లోపలి పక్కన నల్లమరక పడింది, అది ఇంకెవరో!"

తాళంచెవి అప్పటికే తిరిగిపోయింది.